జ్వరానికి జంకని క్రిములు

కిందటి ఏడాది మా పదో తరగతి కుర్రాడొకడు మూడు వారాలు బడికి రాలేదు. టైఫాయిడ్ అన్నారు. తిరిగి వచ్చిన రోజున వాడి చొక్కా చిలక్కొయ్యకు తగిలించినట్టు భుజాల మీంచి వేలాడుతోంది. ఆ రోజు నేను చెబుతున్న పాఠం, మన శరీరం రోగాలను ఎదుర్కొనే పద్ధతుల గురించి. ఒంట్లోకి క్రిములు ప్రవేశించినప్పుడు శరీరం తనంతట తానే వేడిని పెంచుకుంటుందనీ, జ్వరం ఆ పోరాటంలో ఒక ఆయుధమనీ చెప్పాను. వాడు మెల్లగా లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, నాకు నూట నాలుగు డిగ్రీల జ్వరం వచ్చింది. నేను చచ్చి బతికాను. ఆ క్రిమి మాత్రం ఎందుకు చావలేదండీ?"

క్లాసంతా ఘొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అది అడగవలసిన ప్రశ్నే. పాఠ్యపుస్తకంలో దానికి జవాబు లేదు. రేపు చెబుతానన్నాను గాని, ఆ రేపు రావడానికి వారం పట్టింది. ఆ వారంలో చదివి తెలుసుకున్నదీ, ఆ తరువాత తెలుసుకున్నదీ కలిపి ఇప్పుడు మీకు చెబుతాను.

గుడ్డు ఉడికితే ఏమవుతుంది?

వేడి ఒక ప్రాణిని ఎలా చంపుతుందో ముందు చూద్దాం. కోడిగుడ్డు పగలగొడితే తెల్లసొన జిగురుగా జారిపోతుంది. ఉడికిస్తే గట్టిపడుతుంది. తరువాత దాన్ని ఎంత చల్లార్చినా మళ్ళీ జారుడుగా మారదు. తెల్లసొనలో నీరు పోగా మిగిలినదాంట్లో ముఖ్యభాగం మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు. గట్టిపడినవి అవే.

ప్రోటీనును పూసలదండ అనుకోండి. పూసలు అమైనో ఆమ్లాలు. ఇవి 20 రకాలు. దండ పొడుగ్గా సాగి ఉంటే ఏ పనికీ రాదు. అది ఒక పద్ధతిలో మడతలు పడి, చుట్టుకుని, తనదైన ఒక ఆకారం తెచ్చుకోవాలి. తాళంచెవికి పళ్ళ వరస ఎంత ముఖ్యమో ప్రోటీనుకు ఆ ఆకారం అంత ముఖ్యం. ఆహారాన్ని జీర్ణం చేసే ఎంజైములు గాని, కణం గోడను కట్టే ఎంజైములు గాని ఆ ఆకారం ఉన్నంతసేపే పని చేస్తాయి.

ఈ పూసల్లో కొన్నిటికి నీళ్ళంటే ఇష్టం. కొన్నిటికి నూనెబొట్టులాగా నీళ్ళు గిట్టవు. దండ మడత పడేటప్పుడు నీళ్ళు గిట్టనివి చాలావరకు లోపలికి చేరి దాక్కుంటాయి. వేడి తగిలి మడతలు విడిపోయాయా, ఆ దాక్కున్న పూసలన్నీ బయటపడతాయి. పక్కదండలో కూడా అలాంటివే బయటపడి ఉంటాయి. నీళ్ళను తప్పించుకోవడానికి రెండూ ఒకదానినొకటి అతుక్కుంటాయి. వాటికి మూడోది, మూడోదానికి నాలుగోది. చివరకు చిక్కుపడ్డ దారపుండ తయారవుతుంది. ఉడికిన గుడ్డు అలాంటి చిక్కే.

వేడి ఒక్కటే కాదు, పులుపు కూడా ప్రోటీన్లను ముద్ద కట్టిస్తుంది. పాలలో నిమ్మకాయ పిండితే విరిగిపోవడం మీరు చూసిందే.

ఇప్పుడు మా కుర్రాడి జ్వరం సంగతి. 104 డిగ్రీల ఫారన్‌హీటు అంటే 40 డిగ్రీల సెంటీగ్రేడు. తెల్లసొన గట్టిపడటానికి 60 డిగ్రీలు దాటాలి. కాబట్టి జ్వరం వేడికి క్రిమి గుడ్డులాగా ఉడికిపోదు. ఉడికేంత వేడే వస్తే క్రిమికన్నా ముందు మనమే పోతాం. మన ఒంట్లో ఉన్నవీ ప్రోటీన్లే గదా! కాని 40 డిగ్రీల వేడి తేలికైనదేం కాదు. క్రిమిలోని ప్రోటీన్లలో సున్నితమైనవి కొన్ని వదులవుతాయి. అప్పుడే తయారవుతూ ఇంకా మడతలు పూర్తికాని దండలకు మరీ ప్రమాదం. బాక్టీరియా కణం లోపల ప్రోటీన్లు తీర్థంలో జనం మాదిరిగా ఒకదాన్నొకటి రాసుకుంటూ కిక్కిరిసి ఉంటాయి. అలాంటి చోట పది దండలు చిక్కుపడితే మరో వంద వచ్చి వాటిలో తగులుకుంటాయి. ఆ చిక్కులు తీసే ఏర్పాటేదీ లేకపోతే క్రిమికి జ్వరం నిజంగానే గండం అయ్యేది.

ఆ ఏర్పాటు ఉన్నదని బయటపడింది మాత్రం క్రిముల్లో కాదు, ఈగల్లో. అదీ ఒక పొరపాటు వల్ల.

ఎవరో వేడి పెంచారు

ఇటలీలోని నేపుల్స్ నగరంలో ఫెరూచియో రిటోసా అనే యువ శాస్త్రజ్ఞుడు పండ్ల ఈగల మీద పరిశోధన చేస్తుండేవాడు. ఈగ పురుగు దశలో ఉన్నప్పుడు దాని లాలాజల గ్రంథుల్లోని క్రోమోసోములు చాలా పెద్దవిగా ఉంటాయి, సూక్ష్మదర్శినిలో చక్కగా కనిపిస్తాయి. ఏ జన్యువు జోరుగా పని చేస్తుంటే అక్కడ క్రోమోసోము ఉబ్బి ఉంటుంది. ఒకరోజు రిటోసాకు ఎప్పుడూ లేని చోట్ల ఉబ్బులు కనిపించాయి. ఏమిటా అని వాకబు చేస్తే, ప్రయోగశాలలో ఎవరో ఆ పురుగులుండే పెట్టె ఉష్ణోగ్రతను పెంచేసినట్టు తెలిసింది. వేరొకరైతే విసుక్కుని ఆ పురుగుల్ని పారేసి ఉండేవారు. రిటోసా మళ్ళీ కావాలని వేడి పెంచి చూశాడు. కొద్ది నిమిషాల్లో మళ్ళీ అవే ఉబ్బులు!

ఆ సంగతి రాసి పంపితే పేరున్న పత్రిక ఒకటి దీనివల్ల ఎవరికీ ఉపయోగం లేదని తిరగ్గొట్టిందట. 1962లో మరో పత్రికలో అచ్చయింది. ఆ జన్యువులు తయారు చేయించే ప్రోటీన్లను 1974లో ఆల్ఫ్రెడ్ టిస్సియేర్, ఆయన సహచరులు చూడగలిగారు. 1978 నాటికి మన పేగుల్లో ఉండే ఇ.కోలై అనే బాక్టీరియాలో కూడా ఇదే తంతు జరుగుతుందని తేలింది. ఆ తరువాత ఈస్టులో, మొక్కల్లో, మనిషిలో, ఎక్కడ వెతికితే అక్కడ ఇవే ప్రోటీన్లు కనిపించాయి. వీటికి ఉష్ణాఘాత ప్రోటీన్లని పేరు. మా క్లాసులో మేము వడదెబ్బ ప్రోటీన్లంటాం. నిజానికి రెండు పేర్లూ కొంచెం తప్పే. వేడి తగిలినప్పుడే కాదు, వీటిలో చాలా వాటిని క్రిమి ఆమ్లం తగిలినా, విషం తగిలినా ఎక్కువగా తయారు చేసుకుంటుంది. కష్టకాలపు ప్రోటీన్లంటే సరిగ్గా సరిపోతుంది.

మూత ఉన్న బుట్ట

ఇవి చేసే పని ఏమిటి? వీటిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది డి.ఎన్.ఏ.కె. పేరు చూసి ఇది డి.ఎన్.ఏ. అనుకోకండి, ప్రోటీనే. వదులైన దండలో నీళ్ళు గిట్టని పూసలు బయటపడిన చోటును ఇది పట్టుకుంటుంది, పక్కదండకు అంటుకోకుండా కాస్తుంది, తరువాత వదులుతుంది. వదిలినప్పుడు దండ మళ్ళీ తన మడతలు తాను వేసుకోవచ్చు. వెనకటి రోజుల్లో ఆడపిల్లను ఊరికి పంపుతూ మేనత్తనో అమ్మమ్మనో తోడిచ్చేవారు చూడండి, అలాంటి పని. ఇంగ్లీషులో కూడా అటువంటి తోడుమనిషిని చాపెరోన్ అంటారు. శాస్త్రజ్ఞులు ఈ ప్రోటీన్లకు ఆ పేరే పెట్టారు.

రెండోదాన్ని చూస్తే నాకిప్పటికీ ఆశ్చర్యమే. దాని పేరు గ్రో-ఇ-ఎల్. 1970 దశకం మొదట్లో, బాక్టీరియాను చంపే ఒక వైరసు కొన్ని బాక్టీరియాల్లో మాత్రం ఎందుకు పెరగలేకపోతున్నదో వెతుకుతుంటే దీని జన్యువు బయటపడింది. పెరుగుదలకు ఇంగ్లీషులో గ్రోత్ అంటారు గదా, గ్రో అనేది అందులోంచి వచ్చింది.

వెదురుబుట్టలు రెండు తీసుకుని అడుగూ అడుగూ ఆనించి పెట్టండి. ఒక బుట్ట నోరు పైకి, మరొకదాని నోరు కిందికి ఉంటుంది. గ్రో-ఇ-ఎల్ అలా ఉంటుంది. ఒక్కొక్క బుట్ట ఏడు ముక్కలతో తయారవుతుంది. రెండూ కలిసి 14 ముక్కలు. మొత్తం ఎత్తు సుమారు 15 నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. బుట్ట నోటి అంచున నీళ్ళు గిట్టని పూసలుంటాయి. విడిపోయిన దండ వచ్చి ఆ అంచుకు అంటుకుంటుంది. అప్పుడు కణానికి ఇంధనం లాంటిదైన ఏ.టి.పి. వచ్చి చేరుతుంది, పైనుంచి మూత వచ్చి పడుతుంది. మూత కూడా ఒక ప్రోటీనే, దాని పేరు గ్రో-ఇ-ఎస్. మూత పడగానే బుట్ట లోపలిగోడ స్వభావం మారిపోయి నీళ్ళను ఇష్టపడేదవుతుంది. దండ అంచును వదిలి లోపలికి జారుతుంది. అక్కడ అది ఒంటరిగా ఉంటుంది, అంటుకోవడానికి ఇంకో దండ ఉండదు. సుమారు పది సెకన్ల తరువాత మూత లేస్తుంది. దండ సరిగా మడత పడితే తన పనిమీద తాను పోతుంది. పడకపోతే మళ్ళీ బుట్టలోకి.

ఎలా మడత పడాలో బుట్ట దండకు చెప్పదు. ఆ వివరమంతా పూసల వరసలోనే ఉంది. గోలగా ఉన్న క్లాసులో లెక్క చేయలేకపోతున్న పిల్లవాడిని పక్కగదిలో కూర్చోబెడితే వాడే చేసేసుకుంటాడు చూడండి, బుట్ట చేసే ఉపకారం ముఖ్యంగా అలాంటిది.

మామూలు రోజుల్లో కూడా క్రిమికి ఈ బుట్టలు కావాలి. అవి లేకుండా ఇ.కోలై బతకలేదు. 37 డిగ్రీల దగ్గర కణంలోని ప్రోటీన్లలో నూటికి ఒకటి రెండు పాళ్ళు గ్రో-ఇ-ఎల్ ఉంటుంది. 46 డిగ్రీల దగ్గర అది పది పాళ్ళు దాటుతుంది. ఇల్లంటుకున్నప్పుడు ఊళ్ళో వాళ్ళంతా బిందెలు పుచ్చుకుని వచ్చినట్టు.

గంట కొట్టేదెవరు?

వేడి పెరిగిందని క్రిమికి ఎలా తెలుస్తుంది? థర్మామీటరు లేదు, మెదడు లేదు. ఇ.కోలైలో దీనికి రెండు ఉపాయాలు ఉన్నాయి.

కష్టకాలపు జన్యువులను మేలుకొలిపే ప్రోటీను పేరు సిగ్మా-32. దాన్ని తయారు చేయమని చెప్పే ఆర్.ఎన్.ఏ. పోగు మామూలు వేడిలో తన మీద తానే మడుచుకుని ఉంటుంది, అందుచేత దాన్ని చదవడం కష్టం. వేడి పెరిగితే ఆ మడత విడిపోతుంది, చదవడం సులువవుతుంది. చూశారా, ఆ పోగే థర్మామీటరు!

రెండో ఉపాయం ఇంకా బాగుంటుంది. మామూలు రోజుల్లో పుట్టిన సిగ్మా-32 ఆయుష్షు సుమారు ఒక్క నిమిషం. ఇందాకటి డి.ఎన్.ఏ.కె. దాన్ని పట్టుకుంటుంది, మరో ఎంజైము దాన్ని ముక్కలు చేస్తుంది. వేడి పెరిగి దండలు విడిపోవడం మొదలయ్యేసరికి డి.ఎన్.ఏ.కె.కి చేతినిండా పని పడుతుంది. సిగ్మా-32ను పట్టుకునే తీరిక ఉండదు. అది బతికిపోయి కష్టకాలపు జన్యువులను మేలుకొలుపుతుంది. దాంతో డి.ఎన్.ఏ.కె.లు, బుట్టలు ఎక్కువగా తయారవుతాయి. చిక్కులన్నీ తీరాక డి.ఎన్.ఏ.కె.కి మళ్ళీ తీరిక దొరుకుతుంది, మళ్ళీ సిగ్మా-32ను పట్టుకుంటుంది, గంట ఆగిపోతుంది. కొట్టడానికీ ఆపడానికీ వేరే మనిషి అక్కర్లేదు. పనివాళ్ళకు తీరిక లేకపోవడమే గంట.

కడుపులోంచి కాలేయం దాకా

ఇక టైఫాయిడ్ క్రిమి దగ్గరకు వద్దాం. దాని పేరు సాల్మొనెల్లా టైఫై. ఇది మనిషిలో తప్ప మరే జంతువులోనూ కాపురముండదు. రోగి మలంతో కలుషితమైన నీటి ద్వారా, తిండి ద్వారా మరో మనిషిని చేరుతుంది. అది ఎలుకలకు రోగం తేదు కాబట్టి, ఎలుకల్లో అలాంటి జబ్బునే కలిగించే దాని దగ్గరి చుట్టం సాల్మొనెల్లా టైఫీమ్యూరియం మీదనే ఎక్కువ ప్రయోగాలు చేశారు. నేను చెప్పబోయే వాటిలో చాలా సంగతులు అలా తెలిసినవే.

కుండలోని నీళ్ళు చల్లగా ఉంటాయి. మింగగానే క్రిమి 37 డిగ్రీల వేడిలో పడుతుంది. ఇది మొదటి దెబ్బ, చిన్నదే. రెండోది జీర్ణాశయంలోని ఆమ్లం. పాలను విరిచే నిమ్మరసంకన్నా అది చాలా ఘాటు. అక్కడ చాలా క్రిములు చస్తాయి. కాని అన్నీ చావవు. 1990లో జాన్ ఫోస్టరు, హాల్ అనే శాస్త్రజ్ఞులు ఒక చిత్రం గమనించారు. సాల్మొనెల్లాను ఒక్కసారిగా ఘాటైన ఆమ్లంలో వేస్తే చస్తుంది. ముందు కొంతసేపు పి.హెచ్. 5.8 ఉన్న, అంటే కొద్దిగా పుల్లనైన ద్రవంలో ఉంచి, తరువాత పి.హెచ్. 3.3 ఉన్న ఘాటైన ద్రవంలో వేస్తే ఎన్నో రెట్లు ఎక్కువగా బతుకుతుంది. మొదటి పులుపును హెచ్చరికగా తీసుకుని రెండోదానికి కావలసిన ప్రోటీన్లు సిద్ధం చేసుకుంటుందన్నమాట.

బతికినవి పేగు గోడను దాటుతాయి. అక్కడ మన రక్షకభటులైన భక్షక కణాలు వాటిని మింగేస్తాయి. మింగి, హైడ్రోజన్ పెరాక్సైడు లాంటి ఘాటైన రసాయనాలు వాటిపై కుమ్మరిస్తాయి, ఆమ్లంలో నానబెడతాయి, ఆహారం అందకుండా చేస్తాయి. చాలా క్రిముల కథ అంతటితో సరి. సాల్మొనెల్లా మాత్రం ఆ కణం కడుపులోనే కాపురం పెడుతుంది. తనను చంపవలసిన కణాన్నే బండి చేసుకుని కాలేయానికి, ప్లీహానికి, ఎముకల మూలుగలోకి ప్రయాణిస్తుంది.

లోపల ఉండగా అది ఏం చేస్తుంది? బుక్‌మైయరు, హెఫ్రన్ అనే ఇద్దరు 1990లో దీనికి జవాబు చెప్పారు. భక్షక కణం మింగిన తరువాత సాల్మొనెల్లా 30కి పైగా ప్రోటీన్లను మామూలుకన్నా ఎక్కువగా తయారు చేస్తుంది. వాటిలో రెంటిని వాళ్ళు గుర్తుపట్టారు. ఏవనుకున్నారు? గ్రో-ఇ-ఎల్, డి.ఎన్.ఏ.కె.!

ఇదంతా జరిగేటప్పుడు మనిషికి ఏమీ తెలియదు. బడికి వస్తాడు, ఆడతాడు, పాడతాడు. మామూలుగా ఒకటి రెండు వారాలు గడిచాక గాని జ్వరం రాదు. మా కుర్రాడి ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇదే. జ్వరం వచ్చే నాటికి ఆ క్రిమి అంతకన్నా కష్టమైన పరీక్షలు రెండు మూడు రాసి ప్యాసయి ఉంది. మరో మూడు డిగ్రీల వేడి దానికి లెక్కలోనిది కాదు.

అయితే జ్వరం దండగేనా అంటే, కాదు. 1975లో క్లూగరు అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఎడారిలో ఉండే ఇగ్వానా బల్లులతో ఒక ప్రయోగం చేశారు. బల్లులకు మనలాగా ఒంట్లో వేడి పుట్టదు, ఎండలోకి పోయి కాచుకోవాలి. రోగం వచ్చిన బల్లులు వేడిచోటు వెతుక్కుంటాయని అప్పటికే చూశారు. వాటికి బాక్టీరియాను ఎక్కించి కొన్నిటిని చల్లని చోట, కొన్నిటిని వేడిచోట ఉంచితే, వేడిచోట ఉన్నవి ఎక్కువగా బతికాయి. జ్వరం క్రిమిని వండేయదు గాని, మన రక్షణ కణాలకు ఊపునిస్తుంది, క్రిమికి పని పెంచుతుంది.

ఒక్క ప్రోటీను తీసేస్తే

ఈ ప్రోటీన్లు లేకపోతే నిజంగా క్రిమి బలహీనపడుతుందా? ఇది ఊహించి చెబితే చాలదు, చేసి చూడాలి. గ్రో-ఇ-ఎల్ తీసేస్తే క్రిమి గాజుపాత్రలోనే చస్తుంది కాబట్టి ఆ పరీక్ష కుదరదు. హెచ్.టి.ఆర్.ఏ. అనే మరో ప్రోటీను ఉంది. అది క్రిమి రెండు పొరల నడుమ ఉంటూ, చెడిపోయిన ప్రోటీన్లను కత్తిరించి పారేస్తుంది. తక్కువ వేడిలో మాత్రం కత్తిరించడం మాని, మడతలకు తోడుండే పని చేస్తుంది. ఒకే పనివాడు రిపేరూ చేస్తాడు, బాగుపడవనుకున్నవాటిని చెత్తకుప్పకూ మోస్తాడు. 1991లో ఈ జన్యువు పాడైన సాల్మొనెల్లాను ఎలుకలకు ఎక్కించి చూశారు. ప్రయోగశాలలో మామూలుగా పెరిగే ఆ క్రిమికి ఎలుకను చంపే శక్తి చాలావరకు పోయింది.

బలహీనమైన క్రిమి అంటే టీకాకు పనికొస్తుందేమో గదా! ఆ ఆలోచనతోనే హెచ్.టి.ఆర్.ఏ. కూడా తీసేసిన టైఫాయిడ్ క్రిమిని తయారు చేసి స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషులకు ఇచ్చి చూశారు. 1997లో ఫలితాలు వచ్చాయి. దానికి ముందు తయారు చేసిన క్రిమి కొందరి రక్తంలోకి చేరేది, ఇది చేరలేదు. అయినా ఆ టీకా ఇంకా వాడుకలోకి రాలేదు. ఇప్పుడు పిల్లలకు వేస్తున్న కొత్త టీకా వేరే మార్గంలో చేసింది. క్రిమిపై ఉండే చక్కెరపదార్థపు తొడుగును ఒక ప్రోటీనుకు జతచేసి దాన్ని తయారు చేస్తారు. అలాంటి టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 చివరలో మొట్టమొదట ఆమోదించింది మన హైదరాబాదులో తయారైనదే.

రక్షించినవే పట్టించాయి

ఇంతవరకూ చదివి మీకు క్రిమి మీద కొంచెం గౌరవం కలిగి ఉంటుంది. నాకూ కలిగింది. కాని కథలో ఇంకో మలుపు ఉంది.

కుష్ఠు క్రిమిని ప్రయోగశాలలో గాజుపాత్రల్లో పెంచడం ఎవరికీ సాధ్యపడలేదు. అందుకని శాస్త్రజ్ఞులు దాని జన్యువులను ముక్కలుగా ఇ.కోలైలో పెట్టి, ఆ క్రిమిలోని ఏ ప్రోటీన్లను మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపడుతున్నదో వెతికారు. క్షయ క్రిమితో కూడా అలాగే చేశారు. రెంటిలోనూ ఒక ప్రోటీను కొట్టొచ్చినట్టు కనబడింది. దాని బరువును బట్టి 65 అని పిలుచుకునేవారు. అదేమిటో, ఏం పని చేస్తుందో మొదట తెలియలేదు. 1988లో తెలిసింది. అది గ్రో-ఇ-ఎల్ కుటుంబానికే చెందినది. గుర్తింపుకు దొరికిన మరొకటి డి.ఎన్.ఏ.కె. కుటుంబానిది.

ఎందుకలా? క్రిమి కష్టంలో ఉన్నప్పుడు వీటిని విపరీతంగా తయారు చేస్తుంది కాబట్టి మన కణాల కంటపడేవి కూడా ఇవే. పైగా అన్ని బాక్టీరియాల్లోనూ ఇవి దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, ఒకదాన్ని చూసి ఉంటే మరొకదాన్ని పోల్చుకోవడం సులువు. తనను కాపాడుకోవడానికి తెచ్చుకున్న పనివాళ్ళ సందడే దాని జాడ చెబుతున్నది.

క్షయ క్రిమి దీనికి కూడా ఒక ఎత్తు వేసింది. ఊపిరితిత్తుల్లో మన కణాలు దాన్ని చుట్టుముట్టి ప్రాణవాయువు అందకుండా చేస్తే, అది పెరగడం మానేసి నిద్రపోయినట్టు పడి ఉంటుంది. అప్పుడు మరో చిన్న కష్టకాలపు ప్రోటీనును పెద్దమొత్తంలో తయారు చేస్తుంది. దండలు చిక్కుపడకుండా పట్టి ఉంచడమే దాని పని. విశేషమేమిటంటే ఇది మన కంటికటకంలో ఉండే క్రిస్టలిన్ అనే ప్రోటీనుకు చుట్టం. కటకంలోని ప్రోటీన్లు గుడ్డులాగా తెల్లబడకుండా ఏళ్ళ తరబడి కాపాడేది క్రిస్టలినే. అవి ముద్దకట్టినప్పుడు వచ్చేదే శుక్లం. నిద్రలో ఉన్న క్షయ క్రిములు ఏళ్ళ తరువాత లేవవచ్చు. మందులు పెరిగే క్రిమిని చంపినంత తొందరగా పడుకున్నదాన్ని చంపలేవు. మామూలు క్షయకు నెలల తరబడి మందు మింగమనడానికి ఇదొక ముఖ్యకారణం. రెండు నెలలకు దగ్గు తగ్గిందని మానేసేవాళ్ళను నేను చూశాను. దగ్గు తగ్గడం పెరిగే క్రిముల సంగతి చెబుతుంది గాని, పడుకున్నవాటి సంగతి చెప్పదు.

టైఫాయిడ్ క్రిమి ఓడిపోయే చోటు ఒకటుంది, అది మీ వంటింట్లోనే ఉంది. నీళ్ళు తెర్లుతుంటే బుట్టల ప్రోటీనే విడిపోతుంది. మంటలార్పేవాళ్ళే మంటల్లో చిక్కుకుంటే ఇంకెవరు ఆర్పుతారు? అయితే కాగీ కాగకుండా దించకూడదు సుమా. సాల్మొనెల్లాను 48 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, తరువాత ఇంకా వేడి చేస్తే, నేరుగా వేడి చేసినప్పటికన్నా ఎక్కువసేపు బతుకుతుందని 1986లో ప్రయోగం చేసి చూపారు. గోరువెచ్చదనం దానికి శిక్ష కాదు, శిక్షణ.

ఇదంతా చెప్పాక మా కుర్రాడు మళ్ళీ లేచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అయితే మాస్టారూ, ఆ బుట్టకు మూత పడకుండా చేసే మందు ఒకటి కనిపెడితే సరిపోతుంది గదండీ?"

సరిపోతుంది. అలాంటి రసాయనాల కోసం ప్రయోగశాలల్లో వెతుకుతూనే ఉన్నారు. చిక్కల్లా ఏమిటంటే, మన కణాల్లో కూడా బుట్టలున్నాయి. మనకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలు కోట్లాది సంవత్సరాల కిందట బాక్టీరియాలే. వాటిలో ఉన్న బుట్ట గ్రో-ఇ-ఎల్‌కు సొంత తోబుట్టువు. పూసల వరస పోల్చి చూస్తే దాదాపు సగం ఒకటే. క్రిమి బుట్టను పాడుచేసే మందు మన బుట్టను కూడా పాడుచేయవచ్చు.

వాడు కాసేపు బల్ల మీద వేలితో గీతలు గీస్తూ నిలబడ్డాడు.

"మరి మిగతా సగం వేరేగా ఉంటుంది గదండీ?"

అక్కడే వెతుకుతున్నారురా, అన్నాను.